తొమ్మిది ల్యాపుల ముందు విరిగిన పిన్ను

1952 మే 30, అమెరికాలోని ఇండియానాపోలిస్. 200 ల్యాపుల (చుట్ల) కారు రేసులో డ్రైవరు బిల్ వుకోవిచ్ అప్పటికి 191 పూర్తి చేశాడు. అందులో 150 ల్యాపులు అందరికంటే ముందున్నది అతనే. ఇంకో తొమ్మిది తిరిగితే గెలుపు. సరిగ్గా అప్పుడే స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే లింకేజీలో చిన్న పిన్ను ఒకటి విరిగింది. చక్రాలు మాట వినడం మానేశాయి. బండిని బయటి గోడకి రాపిస్తూ ఆపి దిగిపోయాడు. ఆ రేసు 22 ఏళ్ళ ట్రాయ్ రట్‌మన్ గెలిచాడు. అంతకంటే చిన్నవాళ్ళెవరూ ఈనాటికీ అక్కడ గెలవలేదు.

కటింగ్ ప్లేయర్ దొరకనప్పుడు బైండింగ్ వైరుని ఎలా తెంచుతాం? లాగితే తెగదు. అదే చోట అటూ ఇటూ నాలుగైదుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. ఒక్కసారి పడే పెద్ద బలాన్ని తట్టుకునే లోహం, పదే పదే పడే చిన్న బలానికి ఓడిపోతుంది. దీన్నే ఇంజనీర్లు ఫెటీగ్ అంటారు, లోహపు అలసట. నిజానికి అలసట అనే మాట కొంచెం మోసం చేస్తుంది. మనిషి పడుకుని లేస్తే అలసట పోతుంది, లోహానిది పోదు. ఒక గీతో, పదునైన మూలో ఉన్నచోట కంటికి ఆనని పగులు పుడుతుంది, ప్రతి కుదుపుకీ ఇసుమంత పాకుతుంది. చివరికి మిగిలిన కాస్త లోహం భారం మోయలేక ఒక్కసారిగా విరుగుతుంది. 19వ శతాబ్దంలో జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, పదే పదే పడే చిన్న బలం లోహాన్ని విరుస్తుందని తేల్చాడు. అయినా 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలోనే ముక్కలయ్యాకే ప్రపంచం దాన్ని గట్టిగా పట్టించుకుంది.

ఇండియానాపోలిస్ ట్రాక్ మీద స్టీరింగ్ భాగాల మీద పడే భారం తక్కువేం కాదు. ఒక చుట్టు నాలుగు కిలోమీటర్లు, నాలుగు మలుపులు, అన్నీ ఎడమకే. మలుపులు సుమారు 9 డిగ్రీలు వాలుగా ఉంటాయి. మలుపు వ్యాసార్థం దాదాపు 256 మీటర్లు. లెక్కవేస్తే, ఆ వాలు ఒక్కటే బండిని నిలబెట్టగలిగే వేగం గంటకి 73 కి.మీ. మాత్రమే. అదే మలుపుని 200 కి.మీ. వేగంతో తిరిగితే, బండి బరువుకి 1.2 రెట్ల బలం దాన్ని లోపలికి లాగాలి. ఆ పనిలో ఎక్కువ భాగం టైర్ల పట్టుదే. చక్రాన్ని తిప్పి పట్టుకున్న పిన్నూ కడ్డీలూ దానికి తోడు. 191 ల్యాపులంటే 764 మలుపులు. మెయిన్ స్ట్రెయిట్ (ట్రాక్‌లో తిన్నగా సాగే ముఖ్యభాగం) మీద అప్పటికింకా ఇటుకలే ఉండేవి, వాటి అదురు అదనం.

వుకోవిచ్ నడిపింది ఫ్రాంక్ కర్టిస్ కట్టిన కొత్త తరహా కారు. అంతకుముందు డ్రైవరు ఇంజన్ నుంచి వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్ట్ మీద కూర్చునేవాడు, గుర్రం ఎక్కినట్టు. కర్టిస్ ఆ షాఫ్ట్‌ని ఎడమకి జరిపి డ్రైవర్ని దాని పక్కన కిందకి దించాడు. గరిమనాభి కిందకి దిగింది, బరువు ఎడమవైపు పెరిగింది. మలుపులో బరువు బయటి చక్రాలకి మరలడం తగ్గి, నాలుగు టైర్లూ పనిచేశాయి. దీన్నే రోడ్‌స్టర్ అన్నారు. తర్వాత పదేళ్ళకి పైగా ఇండియానాపోలిస్‌ని ఏలింది ఈ తరహా కార్లే.

మరుసటి ఏడాది, 1953లో, వుకోవిచ్ అదే కారుతో వచ్చాడు. ఆ రోజు ఎండ గురించే ఇప్పటికీ చెప్పుకుంటారు. గాలి ఉష్ణోగ్రత 33 డిగ్రీల దగ్గర. రామగుండం వాళ్ళకి నవ్వు రావచ్చు. కానీ రామగుండంలో 45 తట్టుకున్నవాడు విజయవాడ ఉక్కపోతలో 38కే చతికిలబడతాడు. మనల్ని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆరడం. లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి 580 కిలోకాలరీల వేడి పోతుంది, ఆరకుండా కారిపోతే ఏమీ పోదు. పైగా డ్రైవరు ముందు 4.4 లీటర్ల ఆఫెన్‌హౌజర్ ఇంజన్ మండుతూ వేడిగాలిని మొహాన కొడుతుంటుంది. ఎంతోమంది మధ్యలో దిగి బండిని వేరేవాళ్ళకి అప్పగించారు. కార్ల్ స్కార్‌బరో అలా దిగాక వడదెబ్బతో ఆ రోజే చనిపోయాడు. వుకోవిచ్ దిగలేదు. 200 ల్యాపుల్లో 195 ముందుండి, 3 గంటల 53 నిమిషాల్లో ముగించి గెలిచాడు.

అతను పెరిగింది కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ప్రాంతంలో. ద్రాక్షని ఎండలో ఆరబెట్టి కిస్మిస్ చేసే నేల అది. అందుకే తట్టుకున్నాడనడం సులువే. ఎండకి అలవాటుపడ్డ ఒంట్లో రక్తపు ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. కానీ ఎండకి దూరమైతే కొన్ని వారాల్లోనే ఆ అలవాటు పోతుంది. నాకైతే ఊరికంటే మిడ్జెట్ కార్లే కారణమనిపిస్తుంది. చిన్న ట్రాకుల మీద ఆ చిట్టి కార్లని ఏళ్ళ తరబడి తోలి, 1950లో జాతీయ ఛాంపియన్ అయినవాడు. జనం పెట్టిన పేరు 'పిచ్చి రష్యన్', పుట్టిందేమో సెర్బియన్ కుటుంబంలో.

1954లో 19వ స్థానం నుంచి బయల్దేరి మళ్ళీ గెలిచాడు, సగటున గంటకి 210 కి.మీ.

1955 మే 30న మూడో గెలుపు వైపు వెళ్తున్నాడు. 57వ ల్యాపులో అతని ముందు వెళ్తున్న రాడ్జర్ వార్డ్ బండి ఇరుసు విరిగి పల్టీ కొట్టింది. దాన్ని తప్పించబోయి ఆల్ కెల్లర్ వెళ్ళి జానీ బాయిడ్ కారుని గుద్దాడు. ఆ కారు వుకోవిచ్ దారికి అడ్డం వచ్చింది. గంటకి 240 కి.మీ. వేగమంటే సెకనుకి 67 మీటర్లు. బ్రేకు మీద కాలు పడేలోపే ఎంత దూరం పోతామో ఊహించుకోవచ్చు.

ఇక్కడే మడ్‌గార్డు లేని చక్రాల ప్రమాదం బయటపడుతుంది. ముందుకి దొర్లే చక్రం వెనక అంచు పైకి లేస్తుంది, ముందు అంచు కిందకి దిగుతుంది. వెనక బండి ముందు చక్రం ముందు బండి వెనక చక్రాన్ని తాకితే, రెండు పళ్ళ చక్రాల్లా వెనకదాన్ని పైకి ఎగదోస్తుంది. వుకోవిచ్ కారు గాల్లోకి లేచి, బయటి గోడ దాటి పడి, మంటల్లో చిక్కుకుంది. అతను అక్కడే చనిపోయాడు. వయసు 36.

ఇండియానాపోలిస్‌లో ఐదు రేసుల్లో అతను తిరిగిన ల్యాపులు 676. వాటిలో 485 ల్యాపులు ముందున్నది అతనే. ఇరుసు విరిగిన రాడ్జర్ వార్డ్ బతికి బయటపడ్డాడు. 1959లోనూ 1962లోనూ అదే ట్రాక్ మీద అదే రేసు గెలిచాడు.