టాంజానియాలో వాలంటీరు తొలి మూడు నెలలు: అపోహలు - వాస్తవాలు

ఇతర దేశాలకు వాలంటీర్లను పంపడానికి అమెరికా ప్రభుత్వం 1961లో నెలకొల్పిన పీస్ కోర్ తరఫున టాంజానియాలో గణితం బోధించి వచ్చాను. కొత్తగా దరఖాస్తు చేసే తెలుగు పిల్లలతోనూ, అంతకన్నా ఎక్కువగా వారి తల్లిదండ్రులతోనూ మాట్లాడే పని అప్పటి నుంచి తరచూ పడుతోంది. అమెరికా పౌరులకే ఇందులో ప్రవేశం కనుక, అడిగేవారిలో అక్కడ స్థిరపడిన కుటుంబాలవారే ఎక్కువ. మొత్తం 27 నెలల్లో దాదాపు మూడు నెలలు శిక్షణకే పోతాయి. వారి సందేహాలన్నీ ఆ మూడు నెలల చుట్టూనే తిరుగుతుంటాయి.

అపోహ: ఆఫ్రికా అంటే ఎండలు.

వాస్తవం: ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. వాటిలో ఒకటైన టాంజానియా వైశాల్యమే సుమారు 9.45 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినా అందులో మూడో వంతుకు రావు. తీరాన ఉన్న దార్ ఎస్ సలామ్‌లో మచిలీపట్నం ఉక్కపోత గుర్తుకొస్తుంది గాని, దక్షిణాన ఎత్తు ప్రదేశంలో ఉన్న న్జోంబేలో జూన్, జూలై నెలల్లో ఉన్ని దుప్పటి లేనిదే నిద్ర పట్టదు. నా పెట్టెలో ఒక్క స్వెట్టరైనా లేదు.

అపోహ: శిక్షణ అంటే ఉపన్యాసాలు వినడం.

వాస్తవం: పగలు తరగతులుంటాయి, నిజమే. అసలు శిక్షణ మాత్రం సాయంత్రం, మనకు ఆతిథ్యమిచ్చే కుటుంబంలో మొదలవుతుంది. బొగ్గుల కుంపటిని అక్కడ 'జికో' అంటారు. దాన్ని వెలిగించడం నాకు నేర్పింది ఆ ఇంటి పదేళ్ల అమ్మాయి; అరబకెట్ నీళ్లతో తలస్నానం ముగించడం నేర్పింది ఆమె అన్న. ఇంకొకరికి చదువు చెప్పడానికి వెళ్లినవాడు తన బట్టలు తాను సరిగ్గా ఉతుక్కోలేకపోవడం చూసి వీధి పిల్లలంతా చేరి నవ్వుతారు, మరునాడు మళ్లీ చూడటానికి వస్తారు. ఈ దశను అవమానంగా భావించేవారికి మిగతా రెండేళ్లు భారంగా గడవడం నేను గమనించాను.

అపోహ: ఇంగ్లీషు వస్తే చాలు; పైగా స్వాహిలీలో మన పదాలున్నాయి కనుక భాష సులువే.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది, ఆ సగమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. టాంజానియాలో 120కి పైగా భాషలున్నా దేశాన్ని కలిపి ఉంచేది స్వాహిలీయే. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో బోధన ఆ భాషలోనే సాగి, సెకండరీకి వచ్చేసరికి ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారుతుంది. తెలుగు మాధ్యమంలో పది చదివి ఇంటర్‌లో ఇంగ్లీషు మాధ్యమంలో చేరిన విద్యార్థి మొదటి నెలల్లో ఎలా దిక్కుతోచక కూర్చుంటాడో, నా ఫారం వన్ (సెకండరీ మొదటి ఏడాది) పిల్లలు అలాగే కూర్చునేవారు. భిన్నాలను ముందు స్వాహిలీలో వివరించలేని ఉపాధ్యాయుడు వారికి ఉపయోగపడడు.

భాషలో మనకు దగ్గరితనం కనిపించే మాట వాస్తవమే. తెలుగులాగే స్వాహిలీలోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయి. మనం 'బస్సు' అన్నట్టే వారు 'బాసి' అంటారు. దుకాణం 'దుకా', డబ్బు 'పేసా'. మనకు వరి, బియ్యం, అన్నం అని మూడు మాటలున్నట్టే వారికీ 'మ్పుంగా', 'మ్చేలే', 'వాలి' ఉన్నాయి. నా తోటి అమెరికన్లు తికమకపడిన ఈ తేడా నాకు ఒక్క నిమిషంలో బోధపడింది. అయితే అక్కడ 'మామ' అంటే అమ్మ, 'కాక' అంటే అన్న, 'బాబు' అంటే తాత. తెల్లజుట్టు పెద్దాయనను 'బాబు' అని పిలవడానికి నా నోరు పెగలడానికి రెండు వారాలు పట్టింది. క్రియల సంగతి ఇంకోలా ఉంటుంది: 'వెళ్తున్నాను' అనేటప్పుడు ఎవరు వెళ్తున్నారో మనం చివర చెబుతాం, వారు 'నినక్వెండా' అంటూ మొదటి అక్షరంలోనే చెప్పేస్తారు.

గడియారం విషయంలో నేనే బోల్తాపడ్డాను. భూమధ్యరేఖకు దగ్గర కావడంతో అక్కడ ఏడాది పొడవునా ఇంచుమించు ఆరింటికే తెల్లవారుతుంది. గంటలను కూడా అప్పటి నుంచే లెక్కిస్తారు. 'సా తాతు', అంటే మూడు గంటలకు రమ్మని ఒక ఉపాధ్యాయుడు చెబితే, నేను మధ్యాహ్నం మూడింటికి చేరుకున్నాను. ఆయన చెప్పింది ఉదయం తొమ్మిది. సూర్యోదయం నుంచి గడియలు లెక్కపెట్టే పంచాంగం ఇంట్లో ఉన్నవాడిని, నాకు ఇది ముందే తట్టి ఉండాల్సింది.

అపోహ: శాకాహారులు అక్కడ బతకలేరు.

వాస్తవం: మొక్కజొన్న పిండితో చేసే 'ఉగాలి' మన సంకటికి తోబుట్టువు. పక్కన తోటకూర జాతి 'మ్చిచా', ఉడికించిన చిక్కుడు గింజలు ఉంటాయి. కారం మాత్రం తక్కువ. కూరలో ఎండు చేపలు పడ్డాయేమో అడిగి తినాలి.

అపోహ: మలేరియాయే అన్నిటికన్నా పెద్ద ముప్పు.

వాస్తవం: మలేరియాను తేలిగ్గా తీసుకోకూడదు; నివారణ మాత్రలు, దోమతెర రెండూ తప్పనిసరి, ఏ ఒక్కటీ పూర్తి రక్షణ ఇవ్వదు. కానీ తల్లిదండ్రులు అడగడం మరిచే ప్రమాదం రోడ్డు మీద ఉంది. 'బోడాబోడా' అనే అద్దె మోటార్ సైకిళ్ల మీద ప్రయాణాన్ని చాలా దేశాల్లో వాలంటీర్లకు నిషేధించింది అందుకే.

అపోహ: అమెరికన్ వాలంటీరుగానే మనల్ని చూస్తారు.

వాస్తవం: నన్ను ఎవరూ అలా చూడలేదు. తూర్పు ఆఫ్రికాలో గుజరాతీ వర్తకులు తరతరాలుగా ఉన్నందున, భారతీయ ముఖం కనిపించగానే 'మ్హిండి', అంటే భారతీయుడు, అంటారు, ఆ వెంటనే దుకాణం ఎక్కడని అడుగుతారు. మొదటి వారాల్లో ప్రతిసారీ నిలబడి వివరించేవాణ్ని. ఒక సాయంత్రం పొరుగాయన అదే ప్రశ్న వేస్తే, నా కన్నా ముందు మా ఇంటి పెద్దాయనే జవాబు చెప్పాడు: "వీడికి దుకాణమెక్కడిది, వీడు మా పిల్లవాడు, ఇంకా కుంపటి వెలిగించడమే రాలేదు."