గండిపేట, హిమాయత్‌సాగర్‌లలో చేపల వేట, విహారం: అపోహలు - వాస్తవాలు

జలాశయాలలో చేపల పెంపకాన్ని చూసుకోవడం నా వృత్తి, గాలం వేయడం చిన్ననాటి నుంచి ఉన్న ఇష్టం. ఆదివారాలు గండిపేట గట్టు మీద నగరం నుంచి వచ్చిన కుటుంబాలతో మాట్లాడుతున్నప్పుడు కొన్ని నమ్మకాలు పదేపదే వినిపిస్తుంటాయి. మంచి మనసుతో నమ్మేవే అయినా, వాటిలో కొన్ని చేపలకు, కొన్ని మనుషులకు హాని చేస్తాయి.

అపోహ: ఇది అందరి చెరువు, ఇందులోని చేపలు ఎవరివీ కావు.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు నగరాన్ని వరద నుంచి కాపాడటానికి, తాగునీరు ఇవ్వడానికి ఈ రెండు జలాశయాలను కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (గండిపేట అసలు పేరు ఇదే) 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు తాగినవారు హైదరాబాదు వదలరని పెద్దలు అనేవారు. అందుకే గట్టు మీద తిని పారేసిన ప్లాస్టిక్ పళ్లెం తాగే నీటిలో పడినట్లే లెక్క. ఇక చేపల విషయానికి వస్తే, జలాశయాల మీద మత్స్యకారుల సహకార సంఘాలు, లైసెన్సు ఉన్నవారు ఆధారపడి బతుకుతున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం తెచ్చింది కూడా వారి జీవనోపాధి కోసమే. కాబట్టి గాలం వేసే ముందు అక్కడ అనుమతి ఉందో లేదో కనుక్కోవడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత.

అపోహ: తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆకలితో ఉన్నట్లు, రొట్టె ముక్కలు వేస్తే పుణ్యం.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. పగలు నీటిలోని నాచు, మొక్కలు ఎండ సాయంతో ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రి అవి కూడా చేపలతో పాటు దానిని వాడుకుంటాయి. అందువల్ల సూర్యోదయానికి ముందు నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది. వరుసగా మబ్బు పట్టిన రోజుల్లోనూ, తొలివానకు మురుగు కొట్టుకువచ్చినప్పుడూ, ఎండాకాలంలో నీరు వేడెక్కినప్పుడూ ఈ కొరత మరింత పెరుగుతుంది. అప్పుడు బొచ్చె, రోహు వంటివి గుంపులుగా పైకి వచ్చి నోరు తెరుస్తుంటే, అవి ఊపిరాడక అవస్థపడుతున్నాయని అర్థం. ఆ సమయంలో వేసిన రొట్టె తినేవి తక్కువ. మిగిలినది కుళ్లి, ఉన్న కాస్త ప్రాణవాయువును కూడా హరిస్తుంది. కొర్రమీను మాత్రం దీనికి మినహాయింపు: అది గాలిని నేరుగా పీల్చుకోగలదు కాబట్టి మధ్యమధ్య పైకి రావడం దానికి సహజం.

అపోహ: మంచి ఎర ఉంటే ఏ చేపయినా పడుతుంది.

బొచ్చె కింది దవడ ముందుకు పొడుచుకు వచ్చి, నోరు పైకి తిరిగి ఉంటుంది. అది పైనీటిలో మేస్తుంది. రోహు నడి నీటిలో, మృగాల అనే చేప అడుగున మేస్తాయి. ఒకే తవుడు ముద్దను ముగ్గురు మూడు లోతుల్లో వేస్తే ముగ్గురికీ వేర్వేరు చేపలు పడటంలో ఆశ్చర్యం లేదు. ఎరను మార్చే ముందు బెండును జరిపి లోతును మార్చి చూడాలి.

అపోహ: వానాకాలమే వేటకు అనువైన కాలం.

కొత్త నీరు దిగే వాగుల ముఖద్వారాల వద్ద చేపలు ఎదురెక్కుతాయి కాబట్టి అప్పుడు తేలికగా దొరుకుతాయన్నది నిజమే. అయితే అవి గుడ్లు పెట్టడానికి వెళ్తున్న తల్లి చేపలు. కొర్రమీను జంట తమ ఎర్రని పిల్లల గుంపును కాపలా కాస్తుంది. ఆ గుంపు పక్కనే గాలం వేసి తల్లిని పట్టితే పిల్లలు ఇతర చేపల పాలవుతాయి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీనుకు మనం చూపగల గౌరవం, ఆ రోజుల్లో గాలాన్ని చుట్టి పెట్టడమే.

పట్టిన చేపను తిరిగి వదిలేస్తే చాలని అనుకునేవారు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి: పొడి చేతితో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పొర పోయి, దానికి బూజు తెగుళ్లు సోకుతాయి. చెయ్యి తడుపుకొని, మొప్పలను తాకకుండా, ఫొటోల కోసం ఆలస్యం చేయకుండా వదలాలి.

అపోహ: అక్వేరియం చేపలను జలాశయంలో వదలడం జీవకారుణ్యం.

దక్షిణ అమెరికా నుంచి వచ్చి, అక్వేరియం అద్దాలు శుభ్రం చేస్తుందని మన ఇళ్లకు చేరిన చేపను మన జాలరులు దెయ్యం చేప అంటారు. అది ఒడ్డుల్లో బొరియలు తవ్వుతుంది, తన గట్టి ముళ్లతో వలలు చింపుతుంది. పెంచలేకపోతే కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి.

అపోహ: ఈత వస్తే భయం లేదు.

ఈత కొలనులో అడుగు సమతలంగా ఉంటుంది. జలాశయంలో పాత వాగు గాడి, మట్టి తవ్విన గుంతలు నీటి కింద కనబడవు. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో తల మునిగే చోట్లు ఉంటాయి. అడుగున పేరుకున్న ఒండ్రు కాలిని వదలదు. గండిపేట పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి 1790 అడుగుల ఎత్తు. మట్టం దానిని సమీపించినప్పుడు గేట్లు ఎత్తుతారు; అప్పుడు గేట్ల దరి నీటి లాగుడు ఒడ్డు నుంచి చూసేవారికి తెలియదు. మీ తల మీద వాన లేకపోయినా, ఎగువన వికారాబాదు వైపు కురిసిన వాన కొన్ని గంటల తరువాత ఇక్కడికి చేరవచ్చు. రెండు జలాశయాల నుంచి వదిలిన నీరు లంగర్‌హౌస్ వద్ద బాపూఘాట్ దగ్గర కలుస్తుంది కాబట్టి, గేట్లు ఎత్తారన్న వార్త విన్న రోజున దిగువన మూసీ ఒడ్డుకు పిల్లలను తీసుకువెళ్లవద్దు.