గోధుమల రూపాయలతో కొన్న పుస్తకాలు: ప్రాంతీయ అధ్యయనాల వెనుక కథ

దక్షిణాసియా మీదో, ఆఫ్రికా మీదో పరిశోధన (దీన్నే ప్రాంతీయ అధ్యయనం అంటారు) చేసేవారికి అమెరికాలో ఇవాళ దొరికే ఫెలోషిప్పులు, క్షేత్ర పరిశోధన ఖర్చులు, ఏటా సదస్సుల్లో పత్రం చదివే అవకాశం చాలావరకు జ్ఞానతృష్ణ వల్ల పుట్టినవి కావు. అవి యుద్ధంలో పుట్టి, భయం మీద పెరిగాయి. నిధులు ఎందుకు హఠాత్తుగా వచ్చి హఠాత్తుగా పోతాయో తెలియాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

రెండో ప్రపంచయుద్ధంలోకి దిగిన అమెరికాకు తాను అడుగుపెట్టబోయే దేశాల భాషలు తెలిసినవారు కరవయ్యారు. 1942లో ఏర్పడిన గూఢచార సంస్థ ఓఎస్ఎస్ చరిత్రకారులను, భాషావేత్తలను, మానవశాస్త్రజ్ఞులను ఒకచోట కూర్చోబెట్టింది. యుద్ధం ముగిశాక వారు ఆ పద్ధతినే విశ్వవిద్యాలయాలకు పట్టుకెళ్లారు. ఓఎస్ఎస్‌లో పనిచేసిన సంస్కృత పండితుడు నార్మన్ బ్రౌన్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా విభాగాన్ని నెలకొల్పారు. ఫోర్డ్ ఫౌండేషన్ 1953-66 మధ్య 34 విశ్వవిద్యాలయాలకు 27 కోట్ల డాలర్లు ఇచ్చింది. 1957లో స్పుత్నిక్ ఎగిరింది. మరుసటి ఏడాదే భాషా, ప్రాంతీయ అధ్యయన కేంద్రాలకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే చట్టం వచ్చింది. దాని పేరు ‘జాతీయ రక్షణ విద్యా చట్టం’. దాపరికమేమీ లేదు.

మన వైపు నుంచి చూస్తే ఈ కథలో అన్నిటికన్నా విచిత్రమైన ఘట్టం పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయ చట్టం. ఆ చట్టం కింద భారత్ కొన్న అమెరికా గోధుమలకు చెల్లింపు రూపాయల్లోనే. ఆ రూపాయలు ఇక్కడే గుట్టలుగా పేరుకుపోయాయి. వాటిలో కొంత పుస్తకాల కొనుగోలుకు వాడుకునేలా 1958లో చట్టాన్ని సవరించారు. 1962లో అమెరికన్ కాంగ్రెస్ గ్రంథాలయం ఢిల్లీలో కార్యాలయం తెరిచింది. తెలుగు సహా భారతీయ భాషల నవలలు, కథా సంపుటాలు, పత్రికలు పలు ప్రతులుగా కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు ఓడల్లో పంపింది. అచ్చయిన ఊళ్లోనే దొరకని పాత పుస్తకం షికాగోలో భద్రంగా ఉండటానికి కారణం ఇదే. 1961లో బ్రౌన్ చొరవతో ఏర్పడిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ ఫెలోషిప్పులకూ కొంతవరకు ఆ రూపాయలే ఆధారం. గోధుమలను తిట్టుకున్నవారు ఉన్నారు గానీ, పుస్తకాల సంగతి పట్టించుకున్నవారు తక్కువ.

నిధులు కేంద్రాలను నిలబెడితే, పరిచయాలను సంఘాలు కలిపాయి. 1941లో మొదలైన సంస్థ 1956లో అసోసియేషన్ ఫర్ ఏషియన్ స్టడీస్‌గా మారింది. 1971 నుంచి అమెరికాలోని మాడిసన్ నగరంలో దక్షిణాసియా సదస్సు జరుగుతోంది. పేరున్న ఆచార్యుడి శిష్యులకు ఈ సదస్సుల తలుపులు తేలిగ్గా తెరుచుకునేవి. మిగతావారు వరండాల్లో పరిచయాలు వెతుక్కునేవారు. ఇప్పటికీ పెద్ద తేడా ఉందనుకోను.

ప్రభుత్వ సొమ్ముతో చిక్కు లేకపోలేదు. లాటిన్ అమెరికాలో తిరుగుబాట్లను ముందే పసిగట్టడానికి సైన్యం తలపెట్టిన కేమలాట్ పథకం బయటపడి 1965లో రద్దయింది. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ 1968లో కొందరు ఆసియా పరిశోధకులు వేరుగా సంఘం పెట్టుకున్నారు. సోవియట్ యూనియన్ కూలాక, ప్రాంతాలవారీగా పరిశోధనలకు నిధులు పంచే కమిటీలే అనవసరమన్నారు. 2001 దాడుల తర్వాత అరబిక్ చదివేవారికి మళ్లీ సొమ్ము వచ్చింది. 2011లో భాషా, ప్రాంతీయ కేంద్రాల నిధులు సుమారు 40 శాతం తెగిపోయాయి.

ఇంకో మాట. అమెరికా సర్కారు ఇచ్చే ఫెలోషిప్పుల్లో ముఖ్యమైనవి అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే. తాము పుట్టిన ప్రాంతాన్నే చదివే ఆసియా పరిశోధకులకు వాటిలో చోటు లేదు. ఏషియన్ స్టడీస్ సంఘం మాత్రం 2014 నుంచి ఆసియా నగరాల్లోనూ సదస్సులు పెడుతోంది. 2018లో ఆ సదస్సు ఢిల్లీలో జరిగింది. పాకిస్థాన్ పరిశోధకులకు భారత ప్రభుత్వం వీసాలు నిరాకరించింది.