మెడ నలుపు, మొటిమలు, అన్నం ముద్ద

మెడ వెనక నల్లబడితే మన ఇళ్లలో మొదటి అనుమానం మురికి మీదికి పోతుంది. శనగపిండి నలుగు, నిమ్మచెక్క, అవి పనిచేయకపోతే పీచు. చర్మం మండుతుంది, నలుపు మాత్రం అలాగే ఉంటుంది. ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా తగులుతూ మడతలు మడతలుగా ఉండే ఈ నలుపును వైద్యులు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. చంకల్లో, గజ్జల్లో కూడా వస్తుంది. పక్కనే చిన్న చిన్న పులిపిర్లు వేలాడుతుంటాయి. రక్తంలో ఇన్సులిన్ చాలాకాలం ఎక్కువగా ఉంటే అది కణాల మీద తన కోసం ఉన్న తాళాలను (రిసెప్టర్లను) తీసి ఊరుకోదు, చర్మకణాల మీద ఐజీఎఫ్-1 అనే హార్మోన్ కోసం ఉన్న తాళాలను కూడా తీస్తుంది. దాంతో కణాలు అక్కర్లేకుండా పెరిగి చర్మం దళసరి అవుతుంది. రుద్దేకొద్దీ ఆ చర్మం రాపిడికి ఇంకా ముదురుతుంది.

పిండిపదార్థాలు తగ్గిస్తే చర్మం బాగుపడుతుందనే మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి ఈ మెడే మంచి చోటు. ఇక్కడ కారణం సూటిగా కనిపిస్తుంది. చిక్కేమిటంటే, 'నాకు షుగర్ లేదు' అనే మనిషికీ ఈ నలుపు వస్తుంది. క్లోమం ఎక్కువ ఇన్సులిన్ పోసి గ్లూకోజును అదుపులో పెడుతున్నంత కాలం షుగర్ పరీక్ష మామూలుగానే వస్తుంది. అందుకే పరగడుపున గ్లూకోజ్‌తో పాటు ఇన్సులిన్ కూడా చూడాలి. రెండింటినీ గుణించి 405తో భాగిస్తారు. గ్లూకోజ్ 95, ఇన్సులిన్ 16 అయితే 3.75 వస్తుంది. సాధారణంగా 2.5 దాటితే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని అనుమానిస్తారు. 95 చూసి సంతోషపడి ఇంటికి వచ్చేసేవాళ్లే ఎక్కువ.

మొటిమల కథ కొంచెం చుట్టుతిరుగుడు. ఇన్సులిన్ పెరిగితే కాలేయం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను తక్కువగా తయారు చేస్తుంది. పురుష హార్మోన్లను పట్టి ఉంచేది అదే. ఆడవారిలోనూ ఈ హార్మోన్లు కొద్దిగా ఉంటాయి. పట్టు సడలగానే అవి విడిపడి నూనె గ్రంథులను పురికొల్పుతాయి. జిడ్డు ఎక్కువవుతుంది, రంధ్రం మూసుకుంటుంది, లోపల బాక్టీరియా చేరుతుంది. అండాశయాలు, హార్మోన్లు అదుపు తప్పే పీసీఓఎస్ అనే సమస్య ఉన్న అమ్మాయిల్లో గడ్డం కింద మొటిమలు, మెడ నలుపు, నెలసరి తప్పడం చాలాసార్లు కలిసే రావడానికి కారణం ఇదే.

పాపువా న్యూ గినీలోని కిటావా దీవి ప్రజల్లో, పరాగ్వేలోని ఆచే తెగలో మొటిమలే కనిపించలేదని 2002లో ఒక పరిశోధన బృందం ప్రకటించింది. దాన్ని చూపి 'అన్నం మానేయండి' అనేవాళ్లున్నారు. కానీ కిటావా వాళ్ల ప్రధాన ఆహారం కంద, చిలగడదుంప లాంటి దుంపలు, పండ్లు. అంటే వాళ్లు తినేదీ పిండిపదార్థమే, కాకపోతే మైదాగా, చక్కెరగా మారనిది. 2007లో ఆస్ట్రేలియాలో 43 మంది యువకుల మీద 12 వారాలు జరిపిన ప్రయోగంలో రక్తంలో గ్లూకోజును నెమ్మదిగా పెంచే ఆహారం తిన్నవారికి మొటిమలు సగటున 23 దాకా తగ్గాయి, మామూలు తిండి తిన్నవారికి 12. ఆ ఆహారంలో కూడా శక్తిలో దాదాపు 45 శాతం పిండిపదార్థాలదే. పైగా వాళ్లు బరువూ తగ్గారు కాబట్టి మేలంతా తిండి మార్పుదే అనడానికి లేదు. చర్మానికి ఆధారాలున్నది గ్లూకోజ్ ఒక్కసారిగా ఎగబాకనివ్వని భోజనానికే. పిండిని దాదాపు మానేసి కొవ్వు మీద నడిచే కీటో డైట్‌కు అంత గట్టి ఆధారాలు లేవు.

ఈ తేడా హైదరాబాద్ పళ్లెంలో చూద్దాం. వండిన సోనామసూరి అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మధ్యాహ్నం 300 గ్రాముల అన్నం తింటే 84. హోటల్ బిర్యానీ ప్లేటులో అన్నమే 350 గ్రాములు దాటితే వంద గ్రాములకు చేరినట్టే. ఇరానీ చాయ్‌లో చక్కెర రెండు చెంచాలనుకుంటే 8 నుంచి 10 గ్రాములు, పక్కన ఉస్మానియా బిస్కెట్లు వేరే లెక్క. రోజుకు నాలుగు చాయ్‌లంటే చక్కెరే 32-40 గ్రాములు. ముందు కత్తెర పడాల్సింది అక్కడ, అన్నం మీద కాదు.

పిండిపదార్థాన్ని రోజుకు 110-120 గ్రాముల్లో ఉంచాలంటే ఇలా కుదురుతుంది. పొద్దున రెండు గుడ్ల ఆమ్లెట్, ఒక పెసరట్టు. మధ్యాహ్నం 100 గ్రాముల అన్నం, కప్పు పప్పు, రెట్టింపు కూర (ఆనపకాయ, బీర, బెండ, పుంటికూర ఏదైనా), కప్పు పెరుగు. సాయంత్రం చక్కెర లేని చాయ్, గుప్పెడు పల్లీలు. రాత్రి ఒక జొన్నరొట్టె, కోడికూర లేదా పనీర్, ఆకుకూర. ముందు కూర, పప్పు తిని చివర అన్నం తింటే అదే అన్నం గ్లూకోజును తక్కువగా పెంచుతుంది. మన అలవాటుకు ఇది తలకిందులే, కానీ పైసా ఖర్చు లేని పని.

జొన్నరొట్టె గురించి ఒక మాట. అది లో-కార్బ్ (పిండిపదార్థం తక్కువున్న తిండి) కాదు. జొన్నపిండి 100 గ్రాముల్లో 65-70 గ్రాములు పిండిపదార్థమే. పీచు ఎక్కువ, అంతే. మూడు రొట్టెలు తిని అన్నం మానేశామనుకోవడం లెక్క తప్పడమే. ఈ జొన్నకు చర్మంతో పాత సంబంధం కూడా ఉంది. ఒకప్పుడు దక్కన్‌లో జొన్న తప్ప మరొకటి దొరకని పేదల్లో పెలాగ్రా కనిపించేది. నయాసిన్ అనే బి-విటమిన్ లోపం వల్ల ఎండ తగిలే చోట, మెడ చుట్టూ దండలా చర్మం కమిలిపోయేది. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూనూర్ నుంచి హైదరాబాద్‌కు వచ్చిన తొలి ఏళ్లలోనే, 1960లో, అక్కడి శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంటియా జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని దీనికి కారణంగా చూపారు. ఆ వాదన మీద తర్వాత చర్చలు జరిగాయి. తప్పు జొన్నది కాదు, ఒక్క జొన్నే తినడానిది. పళ్లెం ఇరుకైతే చర్మం ముందు చెబుతుంది. గుడ్లు, చీజ్, కొబ్బరినూనెతో నెలలు గడిపేవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

లో-కార్బ్ మొదలుపెట్టాక మొటిమలు పెరిగాయనేవాళ్లను అడిగితే చాలాసార్లు వే ప్రొటీన్ డబ్బా బయటపడుతుంది. పాల నుంచి తీసిన ఈ పొడి ఇన్సులిన్‌ను బాగా పెంచుతుంది. మీగడ తీసిన పాలకూ మొటిమలకూ సంబంధం ఉన్నట్టు కొన్ని సర్వేల్లో తేలింది. నెల పాటు ఆ పొడి మానేసి గుడ్లు, చేపలు, శనగల వైపు మారితే విషయం తేలిపోతుంది.

రోజుకు 50 గ్రాముల లోపు పిండిపదార్థంతో కీటో చేసేవాళ్లకు మరో చిక్కుంది. మొదటి కొన్ని వారాల్లో వీపు మీద, రొమ్ము మధ్య, మెడ మీద ఎర్రటి దురద పొక్కులు వలలా అల్లుకుంటాయి. తగ్గాక గోధుమరంగు వల మచ్చ మిగులుతుంది. దీన్ని 1971లో జపాన్‌లో నాగషిమా అనే చర్మవైద్యుడు వర్ణించాడు, పేరు ప్రురైగో పిగ్మెంటోసా. హైదరాబాద్ ఉక్కపోతలో దీన్ని చెమటపొక్కులనో తామరనో అనుకుని మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తారు. దీనికి ఆ ట్యూబు పెద్దగా పనిచేయదు, తామరే అయితే ఇంకా పాకుతుంది. పిండిపదార్థాన్ని తిరిగి వంద గ్రాముల దరికి తెస్తే చాలామందిలో పొక్కులు తగ్గుతాయి. తగ్గకపోతే చర్మవైద్యులు డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఇస్తారు. మచ్చ పోవడానికి నెలలు పడుతుంది.

పిండి తగ్గించిన మొదటి వారంలో దిగే రెండు కిలోలూ ఎక్కువగా నీళ్లే. ఒంట్లో గ్లూకోజ్ నిల్వగా ఉండే గ్లైకోజెన్ ప్రతి గ్రాముతో దాదాపు మూడు గ్రాముల నీరు బయటికి పోతుంది. ఇన్సులిన్ తగ్గితే మూత్రంలో ఉప్పూ పోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఇది పెదవులు పగలడంగా, తలతిప్పుగా కనిపిస్తుంది. బీపీ లేనివాళ్లు ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ రెండు గ్లాసులు తాగితే సరిపోతుంది. పిండితో పాటు నూనె కూడా తగ్గిస్తే చర్మం పొడిబారి గరుకెక్కుతుంది. రెండింటినీ ఒకేసారి కోయకూడదు.

ఫలితాన్ని ఎప్పుడు చూడాలన్నదే చాలామంది తప్పేది. పైకి కనిపించే మొటిమ లోపల మొదలై వారాలు గడిచి ఉంటుంది. కాబట్టి 8 నుంచి 12 వారాలకు ముందు తీర్పు చెప్పలేం. వేగంగా బరువు దిగితే రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడుతుంది, అది సాధారణంగా తిరిగి మొలుస్తుంది. మెడ నలుపు పలచబడడానికి నెలలు కావాలి. నెలకోసారి అదే కిటికీ వెలుతురులో ఫోటో తీసుకోవాలి, అద్దాన్ని నమ్మితే రోజుకో మాట చెబుతుంది. ముడతల విషయంలో ఆశ తక్కువ. అట్టు పెనం మీద ఎర్రబడే రసాయన చర్య లాంటిదే చక్కెరకూ, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌కూ మధ్య నిదానంగా జరుగుతుంది. చర్మంలో కొల్లాజెన్ సగం మారడానికే దాదాపు 15 ఏళ్లు పడుతుంది. ఇవాళ చక్కెర మానేస్తే కొత్త నష్టం నెమ్మదిస్తుందే గానీ పాతది వెనక్కి పోదు. ముడతలకు ఎండే పెద్ద శత్రువు.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడుతూ డాక్టరుతో చెప్పకుండా అన్నం సగానికి కోస్తే గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు వాడేవాళ్లు అసలు కీటో జోలికి పోకూడదు. మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటర్ అంకె చూసి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏ మందు వేసుకుంటున్నారో, ఏ డైట్ చేస్తున్నారో రెండూ చెప్పాలి.