ఒక్క రోజు, పదహారు సూర్యోదయాలు

చిన్నూ, అమ్ములూ,

"తాతయ్యా, నువ్వు పంపిన పుస్తకంలో ఏమీ జరగట్లేదు. ముప్పై పేజీలు చదివి పక్కన పడేశా" అని మొన్న ఫోన్లో అన్నావు కదరా చిన్నూ. నీకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఆ మాట నువ్వొక్కడివే అనలేదు. నువ్వు పక్కన పడేసిన ఆ నవల, సమంతా హార్వే రాసిన 'ఆర్బిటల్'కి 2024 నవంబరులో బుకర్ బహుమతి వచ్చింది. 136 పేజీల పుస్తకానికి 50 వేల పౌండ్లు! కథేదీ, మలుపేదీ అని పాఠకులు చాలామంది విసుక్కున్నారు. ఆ వాక్యాల అందం చూసి మురిసిపోయినవాళ్లూ అంతేమంది ఉన్నారు. తీర్పు చెప్పిన కమిటీకి పెద్ద ఎడ్మండ్ డి వాల్. ఆయన రచయితే కాదు, కుండలు చేసే కళాకారుడు కూడా. సారె తిప్పే మనిషికి గుండ్రంగా తిరిగే పుస్తకం నచ్చడంలో వింతేముందిలే అని నవ్వుకున్నాను.

తిరగడమే దాని కథ. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున ఒక అంతరిక్ష కేంద్రం, అందులో ఆరుగురు. గంటన్నరకో చుట్టు. అంటే మన ఒక్క రోజులో వాళ్లకి పదహారు సార్లు తెల్లవారుతుంది. ఆ ఒక్క రోజే పుస్తకమంతా.

ఏమీ జరగట్లేదన్నావే, చియే సంగతి చూడు. ఆమె జపాన్ అమ్మాయి. తను పైన ఉండగానే కింద అమ్మ పోయింది. అంత్యక్రియలకి వెళ్లే వీల్లేదు. కిటికీలోంచి భూమి కనిపిస్తూనే ఉంటుంది. కిందికి దిగనంతకాలం అమ్మ ఇంకా ఉన్నట్టే, దిగాకే పోయినట్టు అనిపిస్తుంది ఆమెకి. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను.

ఇంకోపక్క ఫిలిప్పీన్స్ వైపు పెద్ద తుఫాను వస్తుంటుంది. వీళ్లు పైనుంచి ఫోటోలు తీస్తుంటారు. ఇటలీవాడు పియెత్రోకి అక్కడ తెలిసిన జాలరి కుటుంబం ఉంది. ఏం చేయగలడు? 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మన విశాఖ ఇంట్లో కిటికీ రెక్క ఊడిపోకుండా నేనూ మీ నానమ్మా మంచాన్ని అడ్డంపెట్టి పట్టుకుని కూర్చున్నాం. అదే తుఫాను పైనుంచి తెల్లటి సుడిలా, అందంగా కూడా ఉంటుందని ఈ పుస్తకం చదివేదాకా నాకు తట్టలేదు. అందంగా ఉందని ఒప్పుకోవడానికి ఇప్పటికీ మనసు రాదనుకో.

హార్వే అంతరిక్షానికి వెళ్లలేదు. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని, నిజంగా పైన తిరుగుతున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (స్పేస్ స్టేషన్) నుంచి వచ్చే వీడియోలు చూస్తూ రాసింది. ఇది రాయడానికి నాకేం అర్హత ఉందని మధ్యలో భయపడి వదిలేసి, తర్వాత మళ్లీ అందుకుందట. వర్ణనలు కొన్నిచోట్ల మరీ ఎక్కువయ్యాయి, నాకూ కునుకు పట్టింది. మామూలు నవలలా గబగబా చదివితే నడవదు. రాత్రికో చుట్టు చొప్పున చదువు.

నిజం స్టేషన్ని సెలవులకి వచ్చినప్పుడు చూపిస్తాను. చీకటి పడ్డాక డాబా ఎక్కుదాం. మినుకుమినుకుమంటే విమానం. మినుక్కుమనకుండా చుక్కలా సాఫీగా సాగిపోతే అదే. నాలుగైదు నిమిషాల్లో మాయమైపోతుంది, ఫోన్లు కిందే పెట్టి రండి.

మీ తాతయ్య