గైలార్డియా, గజేనియా: నీటి ఎద్దడి పూల చుట్టూ అల్లుకున్న అపోహలు

చలికాలం మొదలవగానే నర్సరీకి వచ్చేవారు రెండు మొక్కల దగ్గర ఆగిపోతారు. ఒకటి గైలార్డియా: ఎర్రటి రేకులు, వాటి కొసలకు పసుపు అంచు, నడుమ ముదురు రంగు బొడ్డు. రెండోది గజేనియా: నేలకు అంటుకున్న ఆకుల గుత్తి మధ్య నుంచి లేచిన ఒంటి కాడ, దానిపై నారింజ, పసుపు, గులాబీ రంగుల్లో చారల పువ్వు. రెండూ పొద్దుతిరుగుడు, చామంతుల కుటుంబానివే. నీరు తక్కువైనా బతుకుతాయన్న పేరు రెండింటికీ ఉంది. దాంతో చాలామంది వీటిని ఒకే రకంగా చూస్తారు, వేసవి వచ్చేసరికి ఏదో ఒకటి పోగొట్టుకుంటారు. ఈ మొక్కలను ఎక్కువగా చంపేది ఎండ కాదని, నీళ్లేనని తోటల పనిలో ఉన్నవాడిగా గట్టిగా చెప్పగలను. రోజూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కరవును తట్టుకునే మొక్క కాబట్టి నీళ్లు పోయనక్కర్లేదు.

నాటిన మొదటి మూడు, నాలుగు వారాలు ఇవి బంతి, జీనియా లాంటి మామూలు మొక్కలే. వేరు నేలలోకి దిగాకే తట్టుకునే శక్తి వస్తుంది. ఇక్కడ కొబ్బరి పొట్టు సంగతి చెప్పాలి. కడియం నుంచి వచ్చినా, మీ ఊరి నర్సరీలో కొన్నా, ఇప్పుడు చాలా మొక్కలు కొబ్బరి పొట్టులో పెరిగినవే. ఆ ముద్దను అలాగే గుంతలో పెడితే వేళ్లు అందులోనే చుట్టుకుంటాయి. పొట్టు ఒకసారి పూర్తిగా ఎండిందంటే మళ్లీ తడవడం కష్టం. పోసిన నీరు ముద్ద పక్కల నుంచి జారిపోతుంది, చుట్టూ మట్టి తడిగానే కనిపిస్తుంది, లోపల వేరు మాత్రం పొడిగా ఉంటుంది. అందుకే నాటే ముందు కవరు తీసి, ముద్దను బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచండి. అడుగున చుట్టుకున్న వేళ్లను వేలితో మెల్లగా విడదీసి నాటండి.

నిలదొక్కుకున్నాక నేలలోని మొక్కకు చలికాలంలో వారానికి ఒక్క తడి చాలు. కుండీకి ఈ లెక్క పనికిరాదు. కుండీలో మట్టి తక్కువ, నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే ఎండకు వేడెక్కుతుంది కూడా. వేలు రెండు కణుపుల లోతు వరకు గుచ్చి చూడండి, అక్కడ పొడిగా తగిలితేనే నీరు పోయండి.

అపోహ: ఆకులు వాలాయంటే దాహం వేసినట్టే.

ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఆకులు వాలడం సహజం. వేళ్లు అందించగలిగిన దానికంటే ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు ఆ వేళ ఎక్కువ. పొద్దు వాలాక అవే నిలబడతాయి. కాబట్టి మధ్యాహ్నం చూసి నిర్ణయించకండి. తెల్లవారుజామున కూడా వాలి ఉంటేనే నీరు కావాలని అర్థం.

తడి మట్టిలో వాలిన గజేనియా కథ వేరు. దాని నడిమి ఆకును పట్టుకుని పైకి లాగి చూడండి. ఆరోగ్యంగా ఉంటే గట్టిగా పట్టుకుని ఉంటుంది. మొదలు కుళ్లితే ఆకు చేతికి ఊడి వస్తుంది, కింద గోధుమ రంగులో మెత్తబడి, దుర్వాసన కొడుతుంది. అది చూసి దాహమనుకుని మరో చెంబు పోస్తే మొక్క పూర్తిగా పోతుంది. నల్లరేగడి నేలల్లో ఈ సమస్య మరీ ఎక్కువ. ఆ మట్టి నీటిని పట్టి ఉంచుతుంది. అక్కడ జానెడు ఎత్తున మడి కట్టి, ఇసుక కలిపి నాటాలి. ఎర్ర చల్కా నేలల్లో నీరు త్వరగా ఇంకిపోతుంది కాబట్టి రెండు మొక్కలూ సుఖంగా ఉంటాయి.

అపోహ: రెండూ ఒకటే, ఏది దొరికితే అది నాటుకోవచ్చు.

పుట్టిన చోటులోనే తేడా ఉంది. మన తోటల్లో ఎక్కువగా కనిపించే గైలార్డియా పుల్చెల్లా అమెరికా దక్షిణ, మధ్య ప్రాంతాలది, ఉత్తర మెక్సికోది. ఎండాకాలపు వేడి దానికి కొత్త కాదు. గజేనియా దక్షిణాఫ్రికాది. అది కూడా ఎండను ప్రేమిస్తుంది, కానీ మన వానాకాలపు ముసురు, ఉక్క కలిస్తే తట్టుకోలేదు.

మన మైదానాల్లో గైలార్డియాను ఫిబ్రవరి–మార్చిలో, మే–జూన్‌లో, సెప్టెంబరు–అక్టోబరులో, ఇలా ఏడాదిలో మూడుసార్లు విత్తుకోవచ్చు. వేసవిలో పూలు తగ్గిపోయే తోటకు ఇది పెద్ద ఆసరా. అనంతపురం లాంటి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోట ఇంటి ముందు రంగు కావాలంటే నేను మొదట చెప్పే పేరు ఇదే. గజేనియాను సెప్టెంబరు–అక్టోబరులో విత్తితే చలికాలం చివర, వేసవి మొదట్లో పూస్తుంది. ఆ తర్వాత వానలకు నిలిచేవి తక్కువ.

ఎత్తు కూడా చూసుకోండి. గైలార్డియా అడుగు నుంచి రెండడుగుల దాకా కొమ్మలు వేసి పొదలా పెరుగుతుంది, మడి మధ్యలో బాగుంటుంది. గజేనియా అడుగు దాటదు. దారి అంచులకు, రాళ్ల మధ్యకు, వెడల్పాటి కుండీలకు అది సరైనది. గజేనియా ఆకును తిరగేస్తే వెనక వెల్లటి నూగు కనిపిస్తుంది, నీరు ఆవిరి కాకుండా కాపాడేది అదే. విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే చోట ఉప్పును రెండూ తట్టుకుంటాయి.

పూజకో, దండకో కోసుకోవాలంటే గైలార్డియానే నాటండి. గజేనియా కోసి ఇంట్లోకి తెస్తే ముడుచుకుపోతుంది.

అపోహ: గజేనియా పువ్వు విచ్చుకోకపోతే తెగులు తగిలినట్టే.

కాదు. ఆ పువ్వు ఎండ బాగా ఉంటేనే విచ్చుకుంటుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజు అసలు విచ్చుకోకపోవచ్చు. దీనికి మందు చల్లడం డబ్బు వృథా. ఉద్యోగానికి పొద్దున వెళ్లి చీకటి పడ్డాక ఇంటికి చేరేవారికి నేను గజేనియా ఇవ్వను. పూచిన పువ్వును వారు ఆదివారం తప్ప చూడలేరు. గైలార్డియా రాత్రీ పగలూ విచ్చుకునే ఉంటుంది.

నీడ పడే బాల్కనీలో రెండూ పూయవు. రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలి.

అపోహ: ఎరువు ఎంత వేస్తే అన్ని పూలు.

నత్రజని ఎక్కువైతే ఆకులు విరగకాస్తాయి, కాడలు మెత్తబడి గైలార్డియా పక్కకు ఒరిగిపోతుంది, పూలు తగ్గుతాయి. నాటేటప్పుడు గుప్పెడు వర్మీకంపోస్టు, పూత మొదలయ్యాక ఇంకోసారి, అంతే. యూరియా వద్దు. దానికి బదులు వాడిన పూలను కాడతో సహా తుంచండి, మొక్క బలం విత్తనాలకు పోకుండా కొత్త మొగ్గలకు వెళ్తుంది.

అపోహ: గైలార్డియా వయ్యారిభామకు చుట్టం, ఇంట్లో ఉంటే ఆయాసం వస్తుంది.

ఒకే కుటుంబం అన్నది నిజమే. అయితే వయ్యారిభామ పుప్పొడి గాలిలో తేలుతుంది, గైలార్డియాది జిగురుగా ఉండి తేనెటీగలు, సీతాకోకచిలుకల ద్వారా చేరుతుంది. తోటలో నాలుగు మొక్కలు ఉన్నంత మాత్రాన భయపడాల్సింది లేదు. కానీ వయ్యారిభామ తగిలితే చర్మం దద్దుర్లెక్కేవారికి ఈ కుటుంబంలోని ఇతర మొక్కల ఆకులతోనూ దురద రావచ్చు. అలాంటివారు చేతి తొడుగులు వేసుకుని పనిచేయాలి.

అపోహ: ఈ ఏడాది విత్తనం దాచుకుంటే వచ్చే ఏడాది అవే పూలు.

నాటు గైలార్డియా విషయంలో దాదాపు నిజం. రేకులు రాలాక మిగిలే గుండ్రటి గరుకు బంతి గోధుమ రంగుకు తిరిగాక కోసి, నీడలో ఆరబెట్టి నలిపితే విత్తనం వస్తుంది. పలచగా మట్టి కప్పితే చాలు. సంకర గజేనియా విత్తనం నుంచి తల్లి రంగే వస్తుందని నమ్మకండి, ఏ రంగైనా రావచ్చు. అదే రంగు కావాలంటే మొక్క మొదలు దగ్గరి పిలకను కొమ్మ కత్తిరింపుగా నాటుకోవాలి. గజేనియా విత్తనానికి చీకటి కావాలి కాబట్టి మట్టితో పూర్తిగా కప్పాలి.

విదేశాల్లో ఉన్న మనవారికి ఒక మాట. టెక్సాస్‌లో ఉంటే గైలార్డియా మీ నేల మొక్కే, నిశ్చింతగా చల్లుకోండి. అడిలైడ్, మెల్‌బోర్న్‌లలో ఉంటే మాత్రం గజేనియా నాటే ముందు స్థానిక నిబంధనలు చూసుకోండి. అక్కడ అది తోట దాటి ఇసుక దిబ్బలు, రోడ్ల పక్కలు ఆక్రమించి కలుపుగా మారింది. గాలికి ఎగిరే విత్తనం కాబట్టి కంచె దాన్ని ఆపలేదు.