పై అంతస్తు వేడి, ఏసీ బిల్లు, కార్బన్: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: పై అంతస్తులో ఉంటే పెద్ద ఏసీ తప్ప వేరే దారి లేదు.

రాత్రి పదింటికి కూడా ఫ్యాను వేడిగాలే కొడుతోందంటే, పగలంతా తాగిన ఎండను స్లాబు అప్పుడు కిందికి వదులుతోందన్నమాట. ఏసీ సైజు పెంచితే ఆ వేడిని తోడటానికి ఇంకాస్త కరెంటు పెట్టడమే అవుతుంది, వేడి రావడం ఆగదు.

అయిదంగుళాల కాంక్రీటు స్లాబుకు బయటా లోపలా ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 3 వాట్లకు పైగా వేడి దిగుతుంది. ఇళ్ల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నిబంధనలు పైకప్పుకు పెట్టిన హద్దు 1.2 వాట్లు. స్లాబు మీద 25 మి.మీ. (ఒక అంగుళం) ఎక్స్‌పీఎస్ షీటు, అంటే వేడిని ఆపే గట్టి నురగ పలక, పరిస్తే అది 0.9 దగ్గరికి పడుతుంది. 50 మి.మీ. పరిస్తే 0.5. అంటే మొదటి అంగుళమే అసలు పని చేసేస్తుంది. బడ్జెట్ బిగుతుగా ఉంటే అంగుళంతో ఆగండి, కానీ షీట్ల మధ్య సందులు మాత్రం వదలొద్దు.

వరస ఇది: ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద షీటు, ఆపైన మీటరుకు 10 మి.మీ. వాలుతో స్క్రీడ్ (సిమెంటు, ఇసుక పొర), చివర టైల్స్. టీవీ అట్టపెట్టెలో వచ్చే థర్మోకోల్ పనికిరాదు, బరువుకు నలిగిపోతుంది. రెండంగుళాల స్క్రీడే చదరపు మీటరుకు వంద కిలోల పైన బరువు వేస్తుంది. పాత స్లాబైతే ఇంజనీరుకు చూపించాకే మొదలుపెట్టండి.

అపోహ: తెల్లగా, మెరిసేలా ఏ రంగు వేసినా కూల్ రూఫే (ఎండకు అంతగా వేడెక్కని కప్పు).

ఎండను తిప్పికొట్టడం ఒక గుణం. పీల్చుకున్న కాస్త వేడినీ మళ్లీ ఆకాశానికి వదిలేయడం ఇంకో గుణం. వెండి రంగు అల్యూమినియం పెయింటుకు రెండోది తక్కువ, అందుకే మెరుస్తూనే కాలుతుంది. ఈ రెండు గుణాలనూ కలిపి చెప్పేది ఎస్ఆర్ఐ. డబ్బా మీద ఆ అంకె చూసి కొనండి, ఎక్కువుంటే మంచిది. మామూలు సున్నం కూడా బాగా పనిచేస్తుంది. కాకపోతే వానకు కరిగిపోతుంది కాబట్టి ఏటా ఎండలు ముదరకముందే మళ్లీ కొట్టాలి.

రంగు పొరలుగా లేచిపోతే పెయింటును తిడతారు. చాలాసార్లు తప్పు స్లాబులోని చెమ్మది. సాయంత్రం మూరెడు ప్లాస్టిక్ కవరు పరిచి నాలుగంచులా టేపు వేయండి. మర్నాడు కవరు అడుగున నీటిచుక్కలుంటే రంగు వేయొద్దు, ఇంకొన్నాళ్లు ఆరనివ్వండి. పాచి గీకి, కడిగి, పగుళ్లు పూడ్చాక రెండు కోట్లు: మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా. పొద్దున్నే మొదలుపెట్టండి. కాలిన స్లాబు మీద రంగు పట్టుకోకముందే ఆరిపోతుంది. తర్వాత దుమ్ము పేరుకుంటే తెలుపు పని తగ్గుతుంది, చీపురుతో కడిగితే చాలావరకు తిరిగొస్తుంది.

తెలంగాణలో 2023 కూల్ రూఫ్ విధానం ప్రకారం 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి. నిజానికి అవసరం ఎక్కువున్నది చిన్న ఇళ్లకే. వాటికి మాత్రం ఐచ్ఛికం.

అపోహ: ఫాల్స్ సీలింగ్ వేస్తే వేడి రాదు.

కొంత తగ్గుతుంది, అంతే. స్లాబు మాత్రం కాలుతూనే ఉంటుంది. పడమటి కిటికీకి లోపల కట్టే కర్టెన్ సంగతీ ఇంతే: అద్దం దాటి వచ్చిన ఎండ గదిలోకి వచ్చినట్టే. సజ్జ కూడా సాయంత్రపు వాలుటెండను ఆపలేదు. బయటి వైపు వెదురు తడక కట్టండి.

అపోహ: ఏసీని 18 డిగ్రీల్లో పెడితే గది తొందరగా చల్లబడుతుంది.

చల్లబడే వేగం అదే. గది 24 కంటే కిందికి వచ్చాక కూడా ఆగకుండా నడుస్తుంది, అదే తేడా. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ లెక్క.

అపోహ: ఫ్యాను తినే కరెంటు ఎంతని?

పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఫ్యాను 30 వాట్లు. రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యానుకు 160 యూనిట్లు మిగులుతాయి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, కాబట్టి 110 కిలోలు తగ్గినట్టు. బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్ తీసేసి డైరెక్ట్ ఇప్పించండి. దాని మీదుగా నడిపితే ఫ్యాన్‌లోని సర్క్యూట్ కాలిపోవచ్చు.

అపోహ: ఏసీకి ఏటా గ్యాస్ నింపించాలి.

గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతుంది. తగ్గిందంటే లీకే. బిల్లులో కనిపించని కార్బన్ అంతా ఇక్కడుంది: ఏసీల్లో ఉండే ఆర్-410ఏ రకం గ్యాస్ కిలో గాలిలో కలిస్తే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే దాదాపు 3,000 యూనిట్ల కరెంటు. ఆర్-32 రకం గ్యాస్ అయితే అందులో మూడో వంతు.

ఔట్‌డోర్ యూనిట్ దగ్గర ఇత్తడి నట్ల చుట్టూ నూనె జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లగా ఉందా? లీకు ఎక్కువగా అక్కడే. మెకానిక్ నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బు నురగతో వెతకాలి, నట్టు సరిచేయాలి, వాక్యూమ్ పంపు నడపాలి, ఆ తర్వాతే స్టిక్కర్ మీదున్న గ్రాములు తూకం వేసి ఎక్కించాలి. గేజీ చూసి ఉజ్జాయింపుగా నింపేవాళ్లను వద్దనండి.

ఇల్లు మారేటప్పుడైతే మరీ అన్యాయం: నట్టు వదులు చేసి గ్యాసంతా బుస్సుమని వదిలేస్తారు. ఏసీని కూలింగ్‌లో నడుపుతూ సన్న గొట్టం వాల్వు మూసి, గేజీ సున్నా దగ్గరికి రాగానే లావు గొట్టం వాల్వు కూడా మూసి, వెంటనే ఆపేస్తే గ్యాస్ ఔట్‌డోర్ యూనిట్‌లోనే భద్రంగా ఉంటుంది. దీన్నే పంప్ డౌన్ అంటారు, కొద్ది నిమిషాల పని. విప్పడానికి వచ్చినవాళ్లను ముందే అడగండి: "పంప్ డౌన్ చేసే విప్పుతారు కదా?"